నీలం టిక్కులు పడితే సమను అందినట్టేనా?

ఈ వాదన చేసుకున్న ఇద్దరూ మేనమామ, మేనకోడలు. ఆయన జిల్లా కోర్టులో నాజరు సెక్షన్‌లో చేరి సూపరింటెండెంటుగా రిటైరయ్యాడు. ఆమె సివిల్ కేసులు చూసే లాయరు. కొత్త పద్ధతిని చిన్నవాళ్ళు, పాతదాన్ని పెద్దవాళ్ళు వెనకేసుకురావడం మనకు అలవాటు. ఇక్కడ అది తిరగబడింది. ఈ-కోర్టు రావాలని పట్టుబట్టేది మామయ్య, ఆగి చూద్దామనేది మేనకోడలు. ఇద్దరి మాటలూ దగ్గరుండి విన్నవాణ్ణి కాబట్టి, నాకు ఎక్కడ ఎవరివైపు మొగ్గు కలిగిందో మధ్యమధ్య చెబుతాను.

మేనకోడలు: ఈ-కోర్టు ఎంత మంచిదో మీరు చెప్పబోయేముందు ఒక కేసు వినండి మామయ్యా. నా క్లయింటుకు అరవై ఐదేళ్ళు. భర్త పోయాడు, కొడుకు కువైట్‌లో డ్రైవరు. భర్త వైద్యానికి అప్పు తెచ్చి ప్రోనోటు రాసిచ్చింది. దాని మీద దావా పడింది. రిజిస్టరు పోస్టు ‘తలుపు తాళం’ అని తిరిగొచ్చింది. ఆమె పొద్దున్నే మిరపకాయల కోతకు వెళ్ళి సాయంత్రానికి గానీ ఇంటికి రాదు. అప్పుడు వాది తరఫున సమనూ, దావా కాపీ వాట్సాప్‌లో పంపారు. ఆ నంబరు ఆమె మనవడిది, ఇంటర్ చదివే కుర్రాడిది. వచ్చింది ఇంగ్లీషు పీడీఎఫ్. తెరిచాడు, ఏదో బ్యాంకు వాళ్ళదనుకుని మూసేశాడు. నీలం టిక్కులు పడ్డాయి. ఆ స్క్రీన్‌షాట్ పెట్టి అఫిడవిట్ వేశారు. ఆమెను ఎక్స్‌పార్టీ చేశారు, డిక్రీ అయింది. డిక్రీ అమలుకు ఈపీ వేసి ఇల్లు జప్తుకు తెచ్చిన రోజున తన మీద దావా ఉన్నట్టు ఆమెకు తెలిసింది. సమను ఇవ్వడానికి రాని అమీనా జప్తుకు మాత్రం గుమ్మం దాకా వచ్చాడు.

మామయ్య: బాధాకరమే. కానీ వాట్సాప్ లేని రోజుల్లో ఆ అమ్మ గతి ఏమయ్యేదో నన్నడుగు. నాజరు సెక్షన్‌లో రిటర్నులు నా చేతిమీదుగా వెళ్ళాయి. ‘ఇంట్లో లేరు, ఎప్పుడొస్తారో ఇరుగుపొరుగు చెప్పలేదు’ అన్న మాట ఎన్ని సమన్ల వెనక చూశానో! ఆ ఊరు వెళ్ళకుండా బస్టాండు దగ్గర టీకొట్లో కూర్చుని రాసినవి కొన్ని. వాది మనిషి జీపులో తీసుకెళ్ళి ఎక్కడ సంతకం పెట్టమంటే అక్కడ పెట్టించినవి కొన్ని. అలా రెండుసార్లు తిరిగొస్తే గోడకు అంటించమనేవారు. అంటించామని రాసుకొచ్చేవారు. అదీ కాకపోతే పేపరు ప్రకటన. ఆ పేపరు ఆ ఊరికి వచ్చేదే కాదు. చట్టం దృష్టిలో మాత్రం సమను అందినట్టే. నీ క్లయింటులాంటి వాళ్ళు అప్పుడూ జప్తు రోజునే తెలుసుకున్నారమ్మా. తేడా ఏమిటంటే, అప్పుడు అబద్ధానికి ఆనవాలు ఉండేది కాదు. ఇప్పుడు ఏ నంబరుకు, ఏ రోజు, ఎన్ని గంటలకు పంపారో ఉంది. ఆ నంబరు మనవడిదని నువ్వు రుజువు చేయగలుగుతున్నావంటే అది ఆ ఆనవాలు వల్లే కదా.

(ఈ మాట దగ్గర ఆమె కాసేపు మాట్లాడలేదు. నాకైతే మామయ్య చెప్పినదాంట్లో పెద్ద నిజం కనిపించింది. పాత కోర్టు అందరి మాటా విన్నదని, కొత్తది వినడం లేదని అనుకోవడం పాత కోర్టు మెట్లు ఎక్కనివాళ్ళకే సాధ్యం.)

మేనకోడలు: ఆనవాలు ఉంది, కాదనను. కానీ అది ఎవరికి పనికొస్తోంది? సివిల్ ప్రొసీజర్ కోడ్‌లో ఆర్డర్ 9 రూల్ 13 మీకు తెలియంది కాదు. సమను సరిగా అందలేదని చూపిస్తే ఎక్స్‌పార్టీ డిక్రీ కొట్టేయించుకోవచ్చు. దాని కిందే ఒక మెలిక ఉంది. సమను అందించడంలో ఏదో లోపం ఉన్నంత మాత్రాన డిక్రీ కొట్టేయకూడదు. వాయిదా తేదీ ప్రతివాదికి తెలుసనీ, వచ్చి జవాబు చెప్పుకునే వ్యవధి ఉందనీ కోర్టుకు నమ్మకం కలిగితే డిక్రీ నిలుస్తుంది. పాత కాలంలో ‘తెలుసు’ అని రుజువు చేయడం వాదికి కష్టంగా ఉండేది. ఇప్పుడు రెండు నీలం గీతలు చూపిస్తే చాలు. 2018లో బొంబాయి హైకోర్టు ఒక క్రెడిట్ కార్డు బాకీ ఎగ్జిక్యూషన్‌లో సరిగ్గా ఇదే చెప్పింది. నోటీసు పీడీఎఫ్ అందింది, తెరిచారు కూడా అని టిక్కులు చెబుతున్నాయి కాబట్టి నోటీసు అందినట్టేనంది.

మామయ్య: ఆ మనిషి తప్పించుకు తిరుగుతున్నాడు. అలాంటి వాడి విషయంలో అది సబబే.

మేనకోడలు: తప్పించుకు తిరిగేవాడి కోసం చెప్పిన మాట రేపు తప్పించుకోని వాళ్ళందరికీ వర్తిస్తుంది, నా భయం అదీ. 2020 జులైలో కోవిడ్ నడుమ సుప్రీంకోర్టు వాట్సాప్ లాంటి వాటి ద్వారా నోటీసులు పంపవచ్చంది. అప్పుడు కూడా దాంతో పాటు ఈ-మెయిల్‌లోనూ అదే పంపాలంది. వాట్సాప్ ఒక్కదాని మీద ఆధారపడలేదు. కింది కోర్టులకు వచ్చేసరికి ఆ జాగ్రత్త జారిపోతోంది. ఈ-మెయిల్ లేనివాళ్ళు కదా మా దగ్గరికి వచ్చేది!

మామయ్య: సరే, సమన్ల మాట కాసేపు పక్కన పెడదాం. సమను అందిన మనిషి సంగతి చూడు. ఊరు నుంచి జిల్లా కోర్టుకు రావాలంటే తెల్లారకముందే బస్సెక్కాలి. కూలి పోతుంది. పదిన్నరకు వచ్చి వరండాలో నిలబడితే, పిలుపు ఎప్పుడో ఎవరికీ తెలీదు. మూడింటికి పిలిచి, జడ్జిగారు సెలవనో, అవతలి లాయరు రాలేదనో వాయిదా వేస్తారు. ఒక పార్టీకి మూడు కంటే ఎక్కువ వాయిదాలు ఇవ్వకూడదని కోడ్‌లో ఉన్న మాట ఏ వరండాలో పనిచేసింది? తర్వాతి వాయిదా ఎప్పుడో తెలుసుకోవాలన్నా గుమాస్తా చేతిలో ఏదో పెట్టాలి. ఇప్పుడు కేసుకు ఇచ్చిన సీఎన్ఆర్ నంబరు కొడితే కేసు ఎక్కడుందో, ఏ రోజుకు పోయిందో ఫోన్లో కనిపిస్తోంది. డబ్బూ చదువూ లేనివాడికి ఇంతకన్నా పెద్ద మేలు కోర్టు ఆవరణలో నేను చూడలేదు. ఇంటి దగ్గర నుంచే విచారణకు హాజరు కావచ్చు. 2023 అక్టోబరులో సుప్రీంకోర్టు ఏ హైకోర్టూ వీడియో సౌకర్యాన్ని నిరాకరించకూడదని గట్టిగా చెప్పింది. నాకు అది పండగలా అనిపించింది.

మేనకోడలు: వాయిదా తేదీ ఫోన్లో తెలియడం మంచిదే, ఆ విషయంలో మీతో నాకు తగువు లేదు. అది ఆ నంబరు ఉన్నవాళ్ళ సంగతి. ఇంటి నుంచి హాజరు కావడం దగ్గరే నా పేచీ. వరండాలో డఫేదారు పేరు మూడుసార్లు పిలుస్తాడు. చెట్టు కింద కూర్చున్నవాళ్ళకు వినబడేట్టు గొంతెత్తి పిలుస్తాడు. ఎవరో ఒకరు ‘నిన్నేనమ్మా’ అని లేపుతారు. వీడియోలో ఆ పిలుపు లేదు. వెయిటింగ్ రూమ్‌లో ఒకామె పేరు కనబడుతుంది, ఆమె మైకు మ్యూట్‌లో ఉంటుంది. ఆమె ‘ఉన్నానండీ, ఉన్నానండీ’ అంటూనే ఉంటుంది, అక్కడ ‘ప్రతివాది హాజరు కాలేదు’ అని రాసుకుంటారు. నా కళ్ళముందే జరిగింది ఇది. నేను పక్కనుండి చాట్‌లో రాస్తే గానీ సరిచేయలేదు. నేను లేకపోతే?

మామయ్య: దానికి రూల్ ఉంది. ఆడియో వీడియో సరిగా లేక నష్టం జరుగుతోందనిపిస్తే వెంటనే చెప్పాలి. కోర్టు చూసి, నిజమనిపిస్తే ఆ విచారణ అసంపూర్తి అని మళ్ళీ కలపమనో, నేరుగా రమ్మనో చెప్పవచ్చు.

మేనకోడలు: ‘వెంటనే చెప్పాలి’. లైను తెగిన మనిషి వెంటనే ఏ దారిలో చెబుతుంది మామయ్యా? చెప్పే దారే కదా తెగింది. ఆ రూల్ రాసినవాళ్ళ మనసులో లాయరు ఉన్నాడు. లాయరు లేకుండా మండువేసవిలో సిగ్నల్ కోసం డాబా ఎక్కిన పార్టీ వాళ్ళకు కనిపించలేదు.

(ఆమె కోపంలో న్యాయముంది. తెగిన లైను భారం తెగినవాళ్ళ మీదే వేసే రూలు, ఎంత మంచి మనసుతో రాసినా, వినడాన్ని హక్కుగా కాక అదృష్టంగా మారుస్తుంది.)

మామయ్య: పోనీ సాక్ష్యం దగ్గరికి రా. నీకు ఇబ్బంది అక్కడే ఎక్కువని తెలుసు.

మేనకోడలు: అవును. నోటు దావాలో అసలు పోరాటం నోటు మీదే. నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 118 ప్రకారం సంతకం ఒప్పుకుంటే డబ్బు ముట్టినట్టే కోర్టు అనుకుంటుంది. ముట్టలేదని చూపించాల్సిన బరువు సంతకం పెట్టినవాళ్ళ మీద పడుతుంది. మన ఊళ్ళలో ఖాళీ నోటు మీద సంతకం చేయించుకుని తర్వాత మొత్తం రాసుకోవడం ఎంత మామూలో మీకు తెలుసు. ఆ నోటును చేత్తో పట్టుకుని వెలుతురుకు ఎత్తి చూడాలి. సంతకం ఒక సిరా, పైన రాసిన అంకెలు వేరే సిరా. రెవెన్యూ స్టాంపు మీదికి ఎక్కిన అక్షరం పాతబడి ఉంటుంది, పక్కనున్న తేదీ కొత్తగా ఉంటుంది. రాసినతను బోనులో నిలబడితే, ఆ కాగితం చేతికిచ్చి ‘ఈ అంకె మీరే రాశారా, ఎక్కడ కూర్చుని రాశారు, అప్పుడు ఎవరెవరున్నారు’ అని అడుగుతాను. కాగితం చేతిలో ఉన్నప్పుడు మనిషి ఒకలా ఉంటాడు. స్కాన్ చేసిన కాపీలో రెండు సిరాలూ నల్లగానే కనబడతాయి. బోనులో ఉన్నవాడి ముఖం తెర మూలన తపాలా బిళ్ళంత ఉంటుంది. అతను చెబుతుంటే వెనక గదిలో ఎవరున్నారో నాకు తెలియదు. సాక్షి తీరు ఎలా ఉందో జడ్జి రాసుకోవచ్చని ఆర్డర్ 18 రూల్ 12లో ఉంది. తపాలా బిళ్ళంత ముఖంలో ఏం తీరు చూసి రాస్తారు?

మామయ్య: అసలు నోటు ఫైల్లో ఉంటుంది, అది ఎక్కడికీ పోదు. నిపుణుడికి పంపమని పిటిషన్ వేసుకో, వద్దన్నదెవరు? సాక్షి వెనక మనిషి ఉండకూడదని వీడియో కాన్ఫరెన్స్ రూల్స్‌లోనే ఉంది. సాక్షి ఉన్న చోట కోఆర్డినేటరు ఉండాలి. విదేశమైతే అక్కడి మన ఎంబసీ, కాన్సులేట్ అధికారి ఉండాలి. ఎవరూ పక్కనుంచి అందించకుండా చూసుకోవాలి. ఇంకో కోణం చూడు. మన జిల్లాల వాళ్ళ సగం కుటుంబాలు దేశం దాటాయి. ఆస్తి తగాదాలో కొడుకు డాలస్‌లో ఉంటాడు, చెల్లెలు దోహాలో ఉంటుంది. అంతకుముందు జీపీఏ హోల్డరును బోనులో నిలబెట్టేవాళ్ళు. అసలు మనిషికి మాత్రమే తెలిసిన సంగతుల మీద జీపీఏ సాక్ష్యం చెల్లదని సుప్రీంకోర్టు 2004లోనే తేల్చింది. మరి ఆ దోహా చెల్లెలు సెలవు దొరక్క రాలేకపోతే ఆమె మాట వినేదెవరు? తెర ఆమెకు నోరిచ్చింది. 2003లోనే మహారాష్ట్ర కేసులో అమెరికాలో ఉన్న డాక్టరు సాక్ష్యాన్ని వీడియోలో తీసుకోవచ్చని సుప్రీంకోర్టు ఒప్పుకుంది కదా.

మేనకోడలు: ఆ చెల్లెలు తానుగా వీడియో కోరుకుంటే నేనూ సంతకం పెడతాను. కోరుకోనివాళ్ళ మీద రుద్దకూడదంటున్నాను. 2017 మార్చిలో హైదరాబాదులో ఉన్న ఒక భార్య, జబల్‌పూర్‌లో నడుస్తున్న కేసును ఇక్కడికి మార్చమని సుప్రీంకోర్టుకు వెళ్ళింది. అలాంటివాటిలో కేసు మార్చే బదులు వీడియోలో విచారణ జరిపితే సరిపోతుందని ఇద్దరు జడ్జీల ధర్మాసనం అంది. ఏడు నెలలకే, ఆ అక్టోబరులో, ముగ్గురు జడ్జీలు ఆ తీర్పును పక్కన పెట్టారు. రాజీ ప్రయత్నాలు విఫలమయ్యాక, ఇద్దరూ కలిసి కోరితేనే కుటుంబ వ్యవహారాల్లో వీడియో అన్నారు.

మామయ్య: ఆ ముగ్గురిలో ఒకరు ఒప్పుకోలేదు, అది కూడా చెప్పు. జస్టిస్ చంద్రచూడ్ విడిగా తీర్పు రాశారు. దూరం, ఖర్చు, భయం వల్ల కోర్టుకు రాలేని ఆడవాళ్ళకే వీడియో ఎక్కువ మేలు చేస్తుందని, ఎప్పుడు వాడాలో ఫ్యామిలీ కోర్టుకే వదిలేయాలని అన్నారు. నేను ఆ తీర్పు వైపు. కొట్టిన భర్త ఉన్న ఊరి కోర్టుకు మళ్ళీ మళ్ళీ వెళ్ళాల్సిన మనిషికి నీ సమ్మతి సిద్ధాంతం ఏం చేస్తుంది? భర్త ఒప్పుకోడు. అంతటితో ఆ తెర మూసుకుపోతుంది.

మేనకోడలు: అది నిజం. అక్కడ నా మాట నిలవదు. భయం ఉన్నవాళ్ళు కోరితే ఎదుటివాళ్ళ సమ్మతి అక్కర్లేదు, అంతవరకు మీతో వస్తాను. కానీ 2020 ఏప్రిల్ 6న కోర్టులన్నీ మూతపడి ఉన్నప్పుడు కూడా, ఇరుపక్షాలూ ఒప్పుకోకుండా వీడియోలో సాక్ష్యం రికార్డు చేయకూడదని సుప్రీంకోర్టు చెప్పింది. వీడియో సౌకర్యం లేనివాళ్ళకు కోర్టే ఏర్పాటు చేయాలంది, అవసరమైతే కోర్టుకు సాయపడే లాయరును, అమికస్‌ను, పెట్టమంది. అంత విపత్తులో కూడా వాళ్ళు ఒక గీత గీశారు. విపత్తు పోయాక ఆ గీత ఎందుకు చెరపాలి?

మామయ్య: ఎందుకంటే అప్పుడు ఊళ్ళో ఇన్ని ఫోనుల్లేవు. ఇప్పుడు కూలీకెళ్ళే ఆడవాళ్ళు కూడా యూట్యూబ్ చూస్తున్నారు.

మేనకోడలు: ఎన్‌ఎఫ్‌హెచ్‌ఎస్ ఐదో సర్వే, 2019-21 నాటిది, ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడిన ఆడవాళ్ళు ఆంధ్రప్రదేశ్‌లో 21 శాతం, తెలంగాణలో 26.5 శాతం అని తేల్చింది. ఆ అంకె తర్వాత పెరిగిందనే అనుకుందాం. యూట్యూబ్‌లో పాట వినడమూ, ఇంగ్లీషు దావా చదివి ముప్పై రోజుల్లో జవాబు దావా వేయడమూ ఒకటి కాదు మామయ్యా. ముప్పై దాటితే కారణం చెప్పుకోవాలి, గరిష్ఠంగా తొంభై. ఆ గడియారం ఎక్కడ మొదలవుతుంది? సమను అందిన రోజున. మనవడి ఫోనులో టిక్కు పడిన రోజున ఆమె గడియారం మొదలైంది, ఆమెకు తెలియకుండానే. ఆడవాళ్ళకు ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయ సహాయం ఉంది. 1987 చట్టం సెక్షన్ 12లో రాసి ఉంది. ఆ పీడీఎఫ్ మొదటి పేజీలో, తెలుగులో, ‘మీ మీద అప్పు దావా వేశారు, ఈ తేదీలోపు జవాబు చెప్పాలి, లాయరును ఉచితంగా ఇస్తారు, కోర్టు ఆవరణలో ఫలానా గదికి రండి’ అని నాలుగు వాక్యాలు ఉంటే మనవడు అమ్మమ్మకు చదివి వినిపించేవాడు. నాలుగు వాక్యాలు! ఏ యంత్రమూ అక్కర్లేదు దానికి.

(ఇద్దరి వాదనలోనూ నాకు అన్నిటికన్నా గట్టిగా అనిపించిన మాట ఇదే. ఏ పార్టీకైనా ఏ కోర్టు సమనైనా, తనకు చదవడం వచ్చిన భాషలో రావాలి. ఇది టెక్నాలజీకి సంబంధించినది కూడా కాదు.)

మామయ్య: ఆ నాలుగు వాక్యాలకు నేను మద్దతిస్తాను. రేపే పెట్టమని నాకు తెలిసినవాళ్ళకు చెబుతాను. కానీ నువ్వు ఈ-కోర్టునే వద్దంటున్నావా?

మేనకోడలు: వద్దనడం లేదు. ఎటు ఖర్చు పెడుతున్నారో చూడమంటున్నాను. ఈ-కోర్టుల మూడో దశకు 2023లో కేంద్రం 7,210 కోట్లు కేటాయించింది, నాలుగేళ్ళకు. అందులో కాగితాలు స్కాన్ చేసి భద్రపరచడానికి 2,000 కోట్లకు పైగా. చదువురానివాళ్ళకు సాయం చేసే ఈ-సేవా కేంద్రాలకు 400 కోట్ల లోపు. ఫైలుకు అంత, మనిషికి ఇంత.

మామయ్య: ఫైలు పోతే మనిషికి న్యాయమూ పోతుంది. చెదలు తిన్న రికార్డు రూములు చూసినవాణ్ణి నేను. ఆ డబ్బు దండగ కాదు. అయినా ఆ ప్రాజెక్టులోనే ఎన్‌స్టెప్ అని ఒకటుంది, నువ్వు దాన్ని మరిచిపోయావు. సమను తీసుకెళ్ళే మనిషి చేతిలో జీపీఎస్ ఉన్న ఫోను. ఏ ఇంటి ముందు ఎప్పుడు నిలబడ్డాడో అందులో నమోదవుతుంది. టీకొట్లో కూర్చుని రాసే రిటర్నుకు ఇక తావు లేదు. నా ఉద్యోగమంతా ఆ ఒక్క పనిముట్టు కోసం చూశాను. నువ్వు భయపడుతున్న ఈ-కోర్టే నీకు కావలసినది ఇచ్చింది.

మేనకోడలు: ఇచ్చింది. అదే నేను అడిగేది కూడా. మనిషి గుమ్మం దాకా వెళ్ళాలి, వెళ్ళాడని ఆ ఫోను చెప్పాలి. మనిషికి బదులు టిక్కు వెళ్ళకూడదు. ప్రతివాది స్వయంగా ‘అందింది’ అని జవాబు ఇస్తే సరే. ఇవ్వకపోతే, ఎక్స్‌పార్టీ అనేముందు ఒక్కసారైనా మనిషి వెళ్ళి, చేతికిచ్చి, చదవడం రాకపోతే తెలుగులో చెప్పి రావాలి. చెప్పుకునే అవకాశం ఇవ్వకుండా ఎవరిమీదా తీర్పు ఇవ్వకూడదన్న సూత్రం మీదే మన ప్రొసీజర్ అంతా నిలబడి ఉందని 1955లో సంగ్రామ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ అవకాశం ఇచ్చామని చూపించాల్సింది కోర్టూ వాదీ. అందలేదని చూపించాల్సిన బరువు ఆమె మీద పెట్టకండి.

మామయ్య: బరువు మొత్తం వాది మీద పెడితే ఏమవుతుందో నాకు తెలుసు. వాదులంతా వడ్డీ వ్యాపారులు కారమ్మా. రిటైరైన టీచరమ్మ పిల్ల పెళ్ళికి దాచిన డబ్బు ఎరువుల కొట్టువాడికి ఇస్తుంది. వాడు ఆమె నంబరు బ్లాకు చేస్తాడు. అమీనా వెళ్తే వెనక దారిన పోతాడు. ఇంకోసారి, ఇంకోసారి. ఈలోగా ఆస్తి బామ్మర్ది పేర పెడతాడు. ఆ టీచరమ్మకూ తన మాట వినిపించుకునే హక్కు ఉంది. నాలుగేళ్ళు సమను దగ్గరే ఆగిపోయిన దావాలో ఆమె మాట ఎవరు విన్నట్టు? నేను ఒప్పుకునేది ఇంతే: జీపీఎస్‌తో ఒకసారి మనిషి వెళ్ళాలి. తలుపు తీయకపోతే ఆ ఫోటో, ఆ టిక్కు రెండూ కలిపి సరిపోవాలి. మూడోదాని కోసం ఆమెను ఆపకూడదు.

మేనకోడలు: అదే ఫోటోలో నా క్లయింటు ఇల్లు కూడా తాళం వేసే ఉంటుంది. వేసుకున్నది పారిపోవడానికి కాదు, కోతకు వెళ్ళడానికి. పొద్దున పదకొండింటికి ఆ ఇంటికి వెళ్ళిన మనిషి ఎన్ని ఫోటోలు తెచ్చినా ఆమె దొరకదు. రాత్రి ఏడింటికి వెళ్ళమనండి.

మామయ్య: ఏడింటికి వెళ్ళడానికి ఎవరున్నారు? ఉన్న మనుషులకే ఊళ్ళు పంచితే చాలడం లేదు. ఖాళీలు నింపరు. వాది మాత్రం బత్తా కడుతూనే ఉన్నాడు.

మేనకోడలు: ఆ బత్తా కట్టించుకున్నది మనిషిని పంపడానికే కదా. టీచరమ్మ తరఫున మీరూ, ఈ ముసలమ్మ తరఫున నేనూ కలిసి అడగాల్సిన ఖాళీలు అవి. ఎక్స్‌పార్టీ ఎప్పుడు చేయాలన్న దాని మీద మనం తర్వాత కొట్లాడుకుందాం.

మామయ్య: అడుగుదాం. కానీ ఆ ఫోటో విషయంలో నేను తగ్గను.

మేనకోడలు: నేనూ తగ్గను.